క్యాసినోలో మొదలైన ప్రేమ పెళ్లి దాకా నిలుస్తుందా?

సంపెంగ_29

ఇంట్లో ఎవరితోనూ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపికగా చదవండి.

నాకు 29 ఏళ్లు. పరవాడ వైపు ఒక ఫార్మా కంపెనీలో పని. ఇల్లు మర్రిపాలెం. పోయిన డిసెంబరులో ఆఫీసు వాళ్లం ఆరుగురం గోవా వెళ్లాం. మూడో రోజు రాత్రి అందరూ సరదా పడితే పణజిలో మాండవి నది మీద ఉండే క్యాసినో పడవ ఎక్కాం. నాకు ఆట తెలీదు. టికెట్టుతో పాటు ఇచ్చిన చిప్స్ (డబ్బుకి బదులు పందెం కాసే బిళ్లలు) చేతిలో పట్టుకుని రూలెట్ (అంకెల చక్రం తిప్పే ఆట) బల్ల దగ్గర నిలబడి "ఏటే ఇదీ, ఎక్కడ పెట్టాలే" అని మా ఫ్రెండ్‌ని అడుగుతుంటే, పక్కనున్నతను నవ్వి "ఉత్తరాంధ్రా?" అన్నాడు. అతనిది అక్కయ్యపాలెం. మా ఇంటికి ఆటోలో పావుగంట.

ఆ రాత్రి నాలుగింటిదాకా పైడెక్ మీద కూర్చుని మాట్లాడుకున్నాం. నది మీద గాలి, లైట్లు, ఎక్కడో పాట. ఊరు కాని ఊళ్లో మన ఊరి మనిషి దొరికిన సంతోషం. వైజాగ్ వచ్చాక కలవడం మొదలైంది. ఇప్పటికి ఎనిమిది నెలలు. అతను షిప్పింగ్ ఏజెన్సీలో చేస్తాడు. నిదానంగా మాట్లాడతాడు. నా మాట పూర్తయ్యేదాకా ఆగుతాడు. ఇళ్లలో చెప్పేద్దాం అంటున్నాడు.

నా భయం మా నాన్న గురించి. మా నాన్నకి పేకాట. సబ్బవరం దగ్గర మా తాతగారి అరెకరం ఆ బల్ల మీదే పోయింది. అమ్మ పుస్తెలతాడు రెండుసార్లు తాకట్టుకి వెళ్లింది. రెండోసారి తిరిగి రాలేదు. నేను ఇంటర్ చదివే రోజుల్లో రాత్రి గేటు చప్పుడు ఎలా ఉందో విని, నాన్న గెలిచాడో ఓడాడో చెప్పగలిగేదాన్ని. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు అమ్మ దగ్గరికి వెళ్లి "ఒకతన్ని ఇష్టపడ్డాను" అంటే ఆవిడ మొదట అడిగేది "ఎక్కడ కలిశారు?" అనే. ఏం చెప్పాలి?

"ఫ్రెండ్ పెళ్లిలో కలిశామని చెబుదాం" అన్నాడతను. అమ్మ జీవితమంతా అబద్ధాలే విన్నది, నేనూ ఇంకొకటి చెప్పలేను.

నా ప్రశ్న ఒకటే. అలాంటి చోట పుట్టిన ప్రేమ నిలుస్తుందా? లేక నేను ఇష్టపడింది ఆ రాత్రినేనా? మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి.

కంచరపాలెం_అన్న

చెల్లెమ్మా, నీకు నచ్చని మాట చెబుతాను. వదిలెయ్.

ఆడపిల్ల సంబంధం చూసేటప్పుడు మన పెద్దవాళ్లు ముందు అడిగేది తాగుడుందా, పేకాటుందా అని. ఊరికే అడగరు. తాగేవాడు ఒళ్లు పాడుచేసుకుంటాడు. పేకాటవాడు ఒంట్లో ఆరోగ్యం ఉండగానే ఇల్లు అమ్మేస్తాడు. మా మేనమామ ఇల్లు అలాగే పోయింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మీ నాన్నగారి దగ్గర చూసింది చాలదా?

ఇంకోటి. పెళ్లికి ముందే "అమ్మకి అబద్ధం చెబుదాం" అన్న మనిషి రేపు నీకు చెప్పడని ఏమిటి గ్యారంటీ?

విశాఖ_వెన్నెల

అన్నగారి బాధ అర్థమైంది కానీ, ఒక్కసారి గోవా వెళ్లినవాడిని పేకాటరాయుడి లెక్కలో వేసేయడం అన్యాయం. సంపెంగగారు కూడా అదే పడవ ఎక్కారు కదా. మరి ఆవిణ్ణి కూడా అలాగే లెక్కేస్తారా?

క్యాసినో అనగానే లాస్ వెగాస్ పెళ్లిళ్లు గుర్తొస్తాయి. 2004 జనవరిలో పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్ అక్కడ తన చిన్ననాటి స్నేహితుణ్ణి పెళ్లి చేసుకుంటే 55 గంటల్లో రద్దయింది. అందరికీ అదే గుర్తుంటుంది. కానీ నటుడు పాల్ న్యూమన్, నటి జోన్ వుడ్‌వర్డ్ 1958 జనవరిలో పెళ్లి చేసుకున్నది కూడా వెగాస్‌లోనే, ఎల్ రాంచో వెగాస్ అనే క్యాసినో హోటల్లో. 2008లో ఆయన పోయేదాకా, అంటే 50 ఏళ్లు, కలిసే ఉన్నారు. ఒకే ఊరు, రెండు పెళ్లిళ్లు. ఊరిని ఏమనాలి?

గాజువాక_లెక్కలు

వెన్నెలగారూ, మీ ఉదాహరణలో ఒక తేడా ఉంది. న్యూమన్ దంపతుల పెళ్లి క్యాసినో హోటల్లో జరిగింది, పరిచయం అక్కడ కాదు. వాళ్లు అంతకు అయిదేళ్ల ముందు, 1953లో న్యూయార్క్‌లో ఒక నాటకం దగ్గర కలిశారు. పెళ్లినాటికి ఒకరి సంగతి ఒకరికి బాగా తెలుసు. బ్రిట్నీకి కూడా అతను కొత్తవాడు కాదు. కాబట్టి ఈ రెండిటి నుంచి సంపెంగగారి ప్రశ్నకి జవాబు రాదు.

నేను లెక్కల మాస్టారిని. రూలెట్ గురించి అయితే కచ్చితంగా చెప్పగలను. ఒక సున్నా ఉన్న చక్రంలో 37 గడులుంటాయి. ఒక అంకె మీద పెట్టి గెలిస్తే 35 రెట్లు ఇస్తారు. అంటే వంద రూపాయలు పెట్టిన ప్రతిసారీ సగటున 2 రూపాయల 70 పైసలు క్యాసినోవాడివి. రెండు సున్నాలున్న చక్రంలో అది 5 రూపాయల 26 పైసలు. ఆ పైన మన దేశంలో పన్ను: చిప్స్ కొనే మొత్తం మీద 2023 అక్టోబరు నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ. ఎక్కువసేపు ఆడినకొద్దీ ఓటమి ఖాయమవుతుంది, ఇందులో అదృష్టానికి పెద్ద చోటు లేదు.

అతనికి ఈ లెక్క తెలుసా అని కనుక్కోండి. తెలిసీ సినిమా టికెట్టు ఖర్చులా చూసేవాడు వేరు. "నాకు ఒక పద్ధతి ఉంది, దానితో గెలుస్తాను" అనేవాడు వేరు. రెండోవాడు మీ జీతం కూడా అడుగుతాడు.

సంపెంగ_29

మాస్టారూ, ఆ రాత్రి అతను ఏదో ఒక పద్ధతి చెప్పాడు. ఓడితే రెట్టింపు పెట్టాలి, మళ్లీ ఓడితే మళ్లీ రెట్టింపు అని. నేను పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు మీరు రాసింది చదివాక కడుపులో తిప్పినట్టయింది.

గాజువాక_లెక్కలు

అమ్మా, కంగారు పడకండి. ఆ మాట మొదటిసారి వెళ్లిన కుర్రాళ్లందరూ చెబుతారు. ఎరుపా నలుపా అనే పందెం మీద (గెలిస్తే పెట్టినంతే వస్తుంది) వంద రూపాయలతో మొదలెట్టి వరుసగా ఎనిమిదిసార్లు ఓడితే తొమ్మిదో పందెం 25,600. అప్పటికే పోయింది 25,500. ఇంత పెట్టి చివరికి గెలిచినా మిగిలేది వంద రూపాయలే. ఈ లెక్క అతని ముందు కాగితం మీద వేసి చూపించండి. చూశాక ఏమంటాడో వినండి.

అప్పుఘర్_టిఫిన్స్

ఇలాంటి ప్రశ్న ఎప్పుడో వస్తుందని అనుకోలేదు. నేను రాయాల్సిందే.

నేను ఏడేళ్లు గోవాలో క్యాసినో డీలర్ని. బల్లకి అవతలి వైపు నిలబడి చక్రం తిప్పేవాడిని, ముక్కలు పంచేవాడిని. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి వైజాగ్‌లో పని దొరక్క వెళ్లాను. జేబులు కుట్టేసిన ప్యాంటు ఇచ్చేవాళ్లు. బల్ల వదిలేటప్పుడు రెండు చేతులూ తిప్పి పైనున్న కెమెరాకి చూపించాలి, వేళ్ల మధ్య చిప్ ఏదీ లేదని. ఇంటికొచ్చి ఇన్నేళ్లయినా అప్పుడప్పుడు చిల్లర ఇచ్చాక అరచేతులు అలా తిరిగిపోతాయి.

ఏడేళ్లలో ఆ బల్ల ముందు ఎన్ని పరిచయాలు మొదలవడం చూశానో. ఒకటి చెబుతాను చెల్లెమ్మా. అక్కడికి వచ్చేవాళ్లకి ఆ ఊళ్లో ఇల్లు లేదు. 2020 ఫిబ్రవరి నుంచి గోవా ప్రభుత్వం స్థానికుల్ని ఆడటానికి రానివ్వడమే మానేసింది. అంటే లోపల ఉన్న ప్రతి మనిషీ యాత్రికుడే. పక్కింటివాళ్లు చూస్తారన్న బెరుకు లేదు, రేపు పొద్దున్న నీళ్ల ట్యాంకర్ కోసం లేవక్కర్లేదు, అమ్మ షుగర్ మాత్రలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అప్పుడు ప్రతివాడూ మంచివాడిగానే కనిపిస్తాడు. డబ్బు కూడా అక్కడ డబ్బులా ఉండదు. రంగు బిళ్లల్లా ఉంటుంది. అందుకే చేయి అంత సులువుగా విడుస్తుంది.

టికెట్టుతో ఇచ్చే చిప్స్ చాలావరకు ఒక్కసారి ఆడటానికే పనికొస్తాయి. తిరిగి ఇచ్చి నగదు అడిగితే రాదు. చాలా పరిచయాలూ అంతే. ఆ రాత్రికి చెల్లుతాయి, ఒడ్డుకి తీసుకెళితే చెల్లవు. మీది మాత్రం ఒడ్డు దాటి ఎనిమిది నెలలు వచ్చింది. దాన్ని తక్కువ చేయకండి.

నేను మనుషుల్ని ఎలా చూసేవాడినో చెబుతాను. గెలిచినప్పుడు కాదు, ఓడిన క్షణంలో. గెలిస్తే అందరూ ఒకరినొకరు కౌగిలించుకుంటారు. ఓడినప్పుడు పక్కనున్న మనిషి వైపు చూసే చూపు ఉంటుంది చూశారా, అది దాగదు. "నువ్వు పక్కన నిలబడ్డావు, అందుకే పోయింది" అన్నవాళ్లని చూశాను. భార్య చేతిలోంచి పర్సు లాక్కున్నవాళ్లని చూశాను. ఒక పెద్దాయన ఓడిపోయి, భార్య వైపు తిరిగి, "పద, నీకు ఆకలేస్తుంది" అన్నాడు. ఇద్దరూ భోజనాల వైపు వెళ్లిపోయారు. ఆ ఒక్క మాట నాకింకా గుర్తుంది.

మా ఆవిడ కూడా అక్కడ డీలరే. వాళ్లది కాలింపాంగ్. లోపల ఉన్నంతసేపూ మాట్లాడుకునే వీలుండేది కాదు, రూల్స్ అలా ఉండేవి. తెల్లారి పడవ దిగి, సిబ్బంది అందరం ఒడ్డున చిన్న కొట్టులో భాజీ పావ్, టీ. నిద్ర కళ్లతో, చెదిరిన జుట్టుతో, కాళ్లనొప్పులతో. ఆవిణ్ణి నేను చూసింది ఆ అవతారంలో. ఆవిడ నన్ను చూసిందీ అలాగే. పెళ్లయి పదకొండేళ్లు. ఇప్పుడు ఇక్కడ చిన్న టిఫిన్ సెంటర్. ఆవిడ వేసే పెసరట్టు కోసం ఎంవీపీ కాలనీ నుంచి వస్తారు. ఇద్దరం ఆ రోజు నుంచి ఈ రోజు వరకు పందెం అన్నది ముట్టుకోలేదు. బల్లకి అవతల నిలబడి చూసినవాడికి ఆడాలనిపించదు.

సంపెంగ_29

అన్నయ్యా, ఇది రెండుసార్లు చదివాను. "నీకు ఆకలేస్తుంది" దగ్గర ఆగిపోయాను. మా నాన్న ఎప్పుడైనా ఓడి ఇంటికొచ్చి అమ్మని అలా అడిగి ఉంటే చాలనిపించింది.

మనసుమాట

నేను కౌన్సెలింగ్ చేస్తాను, వైజాగ్‌లోనే. సంపెంగగారి ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. విడదీసి చూద్దాం.

ఒకటి, "నేను ఇష్టపడింది ఆ రాత్రినేనా?" అన్నది. ఇది మంచి ప్రశ్న. 1974లో డటన్, ఆరన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు కెనడాలో ఒక ప్రయోగం చేశారు. లోతైన లోయ మీద ఊగే కపిలానో వంతెన దాటి వచ్చిన మగవాళ్లని ఒక యువతి పలకరించి కొన్ని ప్రశ్నలడిగి, ఫోన్ నంబరు ఇచ్చింది. గట్టి వంతెన దాటి వచ్చినవాళ్లనీ అలాగే అడిగింది. ఊగే వంతెన దాటినవాళ్లలోనే ఎక్కువమంది తర్వాత ఆమెకి ఫోన్ చేశారు. వంతెన మీద గుండె దడదడలాడింది. ఆ దడ ఆమె వల్లే అని మనసు పొరబడిందని వాళ్ల వివరణ. పందెం బల్ల దగ్గర కూడా గుండె అలాగే కొట్టుకుంటుంది. కాబట్టి మొదటి రాత్రి మీద మీ అనుమానం సరైనదే. కానీ ఆ దడ ఎనిమిది నెలలు నిలవదు. ఇన్నాళ్ల తర్వాత కూడా ఒక మామూలు మంగళవారం సాయంత్రం అతనితో ఉంటే మీకు హాయిగా ఉందంటే, దానికి మాండవి నదితో సంబంధం లేదు.

రెండోది, అతనికి జూదం అలవాటా, సరదానా, జబ్బా అన్నది. జూద వ్యసనం నిజంగా జబ్బే. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం) దాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన పెట్టింది. బుద్ధి లేకపోవడమనీ, దురలవాటు అనీ మనవాళ్లు తిడతారు. తిట్టినందువల్ల తగ్గదు. గుర్తులు ఇవి: పోయిన డబ్బు తిరిగి రాబట్టాలని మళ్లీ వెళ్లడం, ఎంత ఆడారో దాచడం, ఆపితే చిరాకు, అప్పులు. అన్నిటిలోకీ నేను ముందు అడిగేది దాచడం గురించే. మీరే నేరుగా అడగండి: గోవా తర్వాత మళ్లీ వెళ్లావా? ఫోన్‌లో ఆడుతున్నావా? ఎంత పోయింది?

మీ గురించి కూడా ఒక మాట. గేటు చప్పుడు విని నాన్న మూడ్ చెప్పగలిగిన పిల్ల పెద్దయ్యాక ఎవరి ముఖంలో చిన్న మార్పు వచ్చినా భయపడుతుంది. ఆ భయం మీ తప్పు కాదు. కానీ దాన్ని అతని మీద రుజువుగా వాడకండి.

ఎవరికైనా అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఉంది. వెళ్లడానికి సిగ్గు పడక్కర్లేదు.

రుషికొండ_ఉదయం

ఇన్ని రోజులూ ఈ వేదికలో చదవడమే కానీ రాయలేదు. ఇవాళ రాస్తున్నాను.

మేమూ గోవాలో క్యాసినోలోనే కలిశాం. 2017. నేను చెల్లెలి పెళ్లి కుదిరిందని కజిన్స్‌తో వెళ్లాను. అతను హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఏడాది తిరక్కుండా సింహాచలంలో పెళ్లి. మొదటి రెండేళ్లు చాలా బాగా ఉన్నాం, అది అబద్ధం కాదు. పెళ్లయ్యాక అతను ఒక్కసారి కూడా క్యాసినోకి వెళ్లలేదు. అందుకే నాకు ధైర్యం.

2020 లాక్‌డౌన్‌లో ఫోన్‌లో రమ్మీ మొదలైంది. పక్కనే పడుకుని ఆడేవాడు. నేను పాటలు వింటున్నాడనుకునేదాన్ని. ఆ ఏడాదే మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. అతను ఫోన్‌లో వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించుకుని ఆడాడు. 2021లో లోన్ యాప్ వాళ్లు మా నాన్నగారికి ఫోన్ చేశారు. నా ఫోటో పంపి తిట్టారు. అప్పుడు తెలిసింది మొత్తం పదకొండు లక్షలు. అందులో నా పీఎఫ్ కూడా ఉంది. నా సంతకం ఎప్పుడు తీసుకున్నాడో నాకే గుర్తులేదు.

ఇప్పుడు విడిగా ఉంటున్నాం. పాపకి అయిదేళ్లు.

సంపెంగగారూ, "క్యాసినోలో కలిశారు కాబట్టే ఇలా అయింది" అని మా వాళ్లు వెయ్యిసార్లు అన్నారు. నేను ఒప్పుకోను. క్యాసినోకి వెళ్లాలంటే టికెట్టు కొనాలి, రైలెక్కాలి, నలుగురికి తెలుస్తుంది. ఫోన్‌కి అవేమీ అక్కర్లేదు. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చిన రోజు నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. అయిదేళ్లు ముందు వచ్చి ఉంటే అనిపించింది.

మేము ఎక్కడ కలిశామో నాకు బాధ లేదు. అతను ఓడిన మొదటి అయిదు వేల గురించి నాకు చెప్పి ఉంటే పదకొండు లక్షలు అయ్యేది కాదు, అదే బాధ. ఇద్దరూ సిబిల్ రిపోర్టు (మన అప్పుల చరిత్ర) తీయండి. ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇస్తారు. ఒకరిది ఒకరు చూడండి. ప్రేమలో ఇదేమిటి అనుకోకండి. జాతకాలు చూసుకుంటాం కదా.

కంచరపాలెం_అన్న

రుషికొండ చెల్లెమ్మా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నువ్వు ధైర్యం గల మనిషివి. పాపకి మంచి జరగాలి.

సంపెంగకి నేను ముందు చెప్పిన మాటలో "వదిలెయ్" అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. అది తొందరపాటు. కానీ అబద్ధం సంగతి వెనక్కి తీసుకోను. ఫ్రెండ్ పెళ్లిలో కలిశామని చెబుదాం అన్నాడే, ఎందుకన్నాడో అడుగు. మీ అమ్మ బాధపడుతుందని అన్నాడా, తన గురించి వాకబు చేస్తారని అన్నాడా? మొదటిదైతే మెత్తని మనసు. రెండోదైతే ఇంకేదో ఉంది.

పోర్టు_పెద్దాయన

పోర్టులో ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. 2022 జూన్‌లో విహార ఓడ ఒకటి చెన్నై నుంచి మన రేవుకి వచ్చినప్పుడు చూడటానికి మనవణ్ణి తీసుకెళ్లాను. ఆ ఓడనే పుదుచ్చేరిలో ఆగనివ్వలేదు, లోపల జూదం ఉందని అక్కడ గొడవ. ఆ రోజు మా మనవడు "తాతా, జూదమంటే ఏమిటి?" అని అడిగితే నలుడి కథ చెప్పాను. ఈ అమ్మాయికీ అదే చెప్పాలనిపిస్తోంది.

అరణ్యవాసంలో ధర్మరాజు, నాకంటే దురదృష్టవంతుడు ఉన్నాడా అని ఏడిస్తే బృహదశ్వుడనే ముని నలదమయంతుల కథ చెబుతాడు. జూదంలో సర్వం పోగొట్టుకున్నవాడికి, జూదంలో సర్వం పోగొట్టుకున్న మరొకడి కథ. నలుడూ దమయంతీ కలిసింది హంస మాట వల్ల, స్వయంవరం వల్ల. దేవతలు కూడా వచ్చి కూర్చున్న సభ అది. అంతకంటే మంచి చోటు ఎక్కడుంది? అలాంటి పెళ్లి కూడా పాచికల దగ్గర విరిగింది.

నేను అందులో చూసేది దమయంతిని. భర్త ఆట ఆపడని తెలిసినరోజు ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. సారథిని పిలిచి పిల్లలిద్దర్నీ రథం ఎక్కించి పుట్టింటికి పంపేసింది. తర్వాతే భర్త వెంట అడవికి వెళ్లింది. అడవిలో అతను వదిలేసి పోతే, మళ్లీ వెతికించి రప్పించుకున్నది కూడా ఆవిడే. ప్రేమ ఉంది, జాగ్రత్త కూడా ఉంది. నలుడి వైపు కూడా ఒకటి ఉంది. అన్నీ పోయాక, ఎదురుగా ఆడుతున్న సోదరుడు పుష్కరుడు "ఇంక దమయంతిని పెట్టు" అంటే నలుడు పెట్టలేదు. ఒంటిమీద నగలు తీసేసి లేచి వెళ్లిపోయాడు. ధర్మరాజు అలా లేవలేకపోయాడు.

అమ్మాయీ, ఆ అబ్బాయి ఎక్కడ లేస్తాడో చూడు. ఏ పందెం దగ్గర "ఇది పెట్టను" అంటాడో.

విశాఖ_వెన్నెల

పెద్దాయనగారూ, దమయంతి పిల్లల్ని పంపేసిన సంగతి నాకు తెలియదు. చిన్నప్పటి నుంచి హంస కథే విన్నాను.

సంపెంగగారూ, ఏమైంది? నాలుగు రోజులుగా మీ నుంచి కబురు లేదు.

సంపెంగ_29

క్షమించండి, రాయడానికి మనసు కుదరలేదు. జరిగింది చెబుతాను.

ఆదివారం తెన్నేటి పార్కులో కూర్చుని అన్నీ అడిగాను. మనసుమాట గారు చెప్పిన మూడు ప్రశ్నలూ వరసగా. అతను కాసేపు సముద్రం వైపు చూశాడు. తర్వాత చెప్పాడు. డిసెంబరు తర్వాత రెండుసార్లు వెళ్లాడట. ఒకటి మార్చిలో, ఆఫీసు పని మీద ముంబై వెళ్లి అక్కడి నుంచి. ఇంకోటి జూన్‌లో. జూన్‌లో మాస్టారు రాసిన రెట్టింపు పద్ధతే ఆడాడు. మొత్తం 62 వేలు పోయాయి. క్రెడిట్ కార్డు మీద ఇంకా 40 వేలు కడుతున్నాడు. ఫోన్‌లో ఎప్పుడూ ఆడలేదన్నాడు. ఫోన్ నా చేతికిచ్చాడు. నేను చూడలేదు, తిరిగి ఇచ్చేశాను. చూసి ఉండాల్సిందా?

జూన్‌లో మేం కలిసి అరకు వెళ్లిన వారమే అది. రైల్లో నా పక్కన కూర్చుని ఆ సంగతి మనసులో పెట్టుకుని నవ్వాడని తలుచుకుంటే ఒళ్లు మండింది. లేచి వచ్చేశాను. ఆటోలో మర్రిపాలెం దాకా ఏడుస్తూనే ఉన్నాను.

రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు మెసేజ్ పెట్టాడు. సిబిల్ రిపోర్టు, కార్డు స్టేట్‌మెంట్, జీతం స్లిప్పు, మూడూ పంపాడు. నేను అడగలేదు. కింద ఇలా రాశాడు: "అమ్మగారికి అబద్ధం చెబుదామన్నది ఆవిడ బాధపడతారని కాదు, నా గురించి అడుగుతారని. అది తప్పు. ఎక్కడ కలిశామో నేనే వచ్చి చెబుతాను. పోయిన డబ్బు సంగతి కూడా చెబుతాను. ఆవిడ వద్దంటే వద్దే."

కంచరపాలెం అన్నయ్యా, మీరడిగిన ప్రశ్నకి అదీ జవాబు. మీ అనుమానమే నిజం. కానీ ఆ నిజం అతని నోటి నుంచే వచ్చింది.

మనసుమాట

ఫోన్ చూసి ఉండాల్సిందా అని అడిగారు. చూడకపోవడం తప్పు కాదు. కానీ మూడు నెలల తర్వాత మళ్లీ అడిగే హక్కు మీకుందని ఇద్దరూ ఒప్పుకోండి.

జూన్ సంగతిని తేలిగ్గా తీసుకోకండి. పోయింది రాబట్టాలని రెట్టింపు ఆడటం నేను చెప్పిన గుర్తుల్లో మొదటిదే. అడిగితే దాచకుండా చెప్పాడు, అడక్కుండానే కాగితాలు పంపాడు, అది మంచి సంగతి. అయినా ఒకసారి ఎవరి దగ్గరికైనా వెళ్లి మాట్లాడమనండి. పెళ్లి తేదీ ఇప్పుడే పెట్టుకోకండి.

రుషికొండ_ఉదయం

సంపెంగా, నాకు ఎవరూ మూడు కాగితాలు పంపలేదు. అందుకని తొందరపడి సరే అనమని కాదు. ఆ 40 వేలు నువ్వు కట్టకు. ఎంత ప్రేమ ఉన్నా సరే. అతని జీతంలోంచి అతనే కట్టాలి. చివరి వాయిదా కట్టేదాకా నీకు ప్రతి నెలా చూపించాలి. నేను మొదటిసారి అతని అప్పు కట్టినప్పుడే నా కథ మారిపోయింది.

అప్పుఘర్_టిఫిన్స్

మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ ఒక్కటే అడిగింది. "అతను డబ్బు పోయినందుకు బాధపడుతున్నాడా, ఆ పిల్ల లేచి వెళ్లినందుకా?"

సంపెంగ_29

అందరికీ ఒకేసారి చెబుతున్నాను. అక్కా, కట్టను. మాటిస్తున్నాను. మనసుమాట గారూ, చినవాల్తేరు వెళ్లడానికి అతను ఒప్పుకున్నాడు. గురువారం వెళ్తున్నాం. నేను బయట కూర్చుంటాను. అన్నయ్యా, వదినగారి ప్రశ్నకి నా దగ్గర ఇంకా జవాబు లేదు. చూస్తున్నాను.

నిన్న రాత్రి అమ్మకి అంతా చెప్పాను. గోవా, పడవ, రూలెట్, 62 వేలు. ఏదీ దాచలేదు. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చెబుతున్నంతసేపూ చేతులు ఆగలేదు. అంతా అయ్యాక "మీ నాన్న నాకు ఎంత పోయిందో ఒక్కరోజూ చెప్పలేదు" అంది. అంతే. లేచి లోపలికి వెళ్లిపోయింది. రాత్రంతా నాకు నిద్ర లేదు.

పొద్దున్న నేను కంపెనీ బస్సుకి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గరికి వచ్చి అడిగింది. "ఆదివారం ఆ అబ్బాయి వస్తే చేపలు తింటాడా, చికెన్ తేవాలా?"

పోర్టు_పెద్దాయన

వంజరం తే అమ్మా. మార్కెట్లో కొనకు, ఫిషింగ్ హార్బర్‌కి ఆరింటికల్లా వెళ్లు. ఆదివారం ఏడు దాటితే మంచివి మిగలవు.